రీడింగ్ గ్రూపుకి ఇప్పటి ఇంగ్లీషు రొమాన్స్ నవలలు: ఏది ఎవరికివ్వాలో కొనకముందే తెలుసుకోవడం ఎలా?

శిరీష_నిజాంపేట:
నమస్తే అండీ. మా అపార్ట్‌మెంట్ రీడింగ్ గ్రూపులో ఈసారి ఇప్పటి ఇంగ్లీషు రొమాన్స్ నవలలు చదువుదామనుకుంటున్నాం. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లల దగ్గర్నుంచి అరవై దాటిన పిన్నిగార్ల దాకా ఉన్నారు. పెద్దవాళ్లంతా యద్దనపూడి నవలలూ, మిల్స్ అండ్ బూన్‌లూ చదివినవాళ్లే, కాబట్టి ప్రేమకథ అంటే మొహం చిట్లించేవాళ్లు లేరు. చిక్కంతా ఎంపిక దగ్గరే. ఏ పుస్తకం చూసినా అదే కార్టూన్ బొమ్మ, అదే గులాబీ రంగో పసుపో. లోపల సంగతి తెలియడం లేదు.

పడకగది సీన్లు ఏ మోతాదులో ఉన్నాయో కొనకముందే ఎలా తెలుస్తుంది? ఏడిపించి ముగించే కథలు రాకుండా ఎలా చూసుకోవాలి? ఇంగ్లీషు మరీ కష్టంగా ఉండకూడదు. ఒక ఆరు పుస్తకాలు చెప్పండి. "చాలా బాగుంది, చదవండి" అని కాకుండా, ఎవరికి నచ్చుతుంది, ఎవరికి నచ్చదు అన్నది కూడా చెబితే మేలు.

అరలో_పుస్తకం:
శిరీష గారూ, ముందు అట్టని నమ్మడం మానేయండి. ఒకప్పుడు అట్ట మీద చొక్కా లేని హీరో ఉంటే లోపల సంగతి సగం చెప్పేసినట్టే ఉండేది. ఇప్పుడు ముద్దుతో ఆగిపోయే పుస్తకానికీ, రెండు అధ్యాయాలకొకసారి మంచం ఎక్కే పుస్తకానికీ ఒకే రకం బొమ్మ వేస్తున్నారు. హెలెన్ హోయాంగ్ 'ది కిస్ కోషెంట్' (2018) అట్ట చూస్తే కాలేజీ పిల్ల కథనుకుంటారు. లోపల స్టెల్లా అనే ఎకనామెట్రిక్స్ నిపుణురాలు శృంగారమంటే ఉన్న బెదురు పోగొట్టుకోవాలని డబ్బిచ్చి ఒక ఎస్కార్ట్‌ని పెట్టుకుంటుంది. ఆటిజం ఉన్న మనిషి మనసుని చాలా బాగా పట్టుకున్న నవల, నేను గట్టిగా సిఫార్సు చేస్తాను. కాకపోతే ఆ సీన్లే కథకి వెన్నెముక. వాటిని దాటేసి చదివితే కథే మిగలదు.

ఈ పుస్తకాలు చదివేవాళ్లు రెండు మాటలు వాడతారు: క్లోజ్డ్ డోర్, ఓపెన్ డోర్. మొదటి రకంలో పడకగది తలుపు దగ్గర అధ్యాయం ఆగిపోతుంది. రెండో రకంలో మనమూ లోపలికి వెళ్తాం. రొమాన్స్ డాట్ ఐఓ సైట్‌లో ప్రతి పుస్తకానికీ స్టీమ్ రేటింగ్ ఉంటుంది, 5 మెట్లు. 1 అంటే చూపులూ ముద్దులూ. 2 అంటే తలుపు మూసేస్తారు. 3 అంటే తెరిచే ఉంటుంది. 4 వివరంగా, 5 వివరంగానూ తరచుగానూ. పాఠకులు ఇచ్చే రేటింగే కాబట్టి ఒక మెట్టు అటూ ఇటూ ఉండొచ్చు, కానీ 1కీ 4కీ పొరపాటు జరగదు. రీల్స్‌లో వేసే మిరపకాయల లెక్క మాత్రం పట్టించుకోవద్దు. గుంటూరు కారం, బెంగళూరు కారం ఒకటి కాదు కదా, ఎవరి మూడు మిరపకాయలు వాళ్లవి.

కిండిల్ శాంపిల్ చూసి ఈ విషయం తేల్చడం కుదరదు. మొదటి పదో వంతే ఇస్తారు, ఈ సీన్లు మామూలుగా సగం దాటాకే వస్తాయి. ఆలీ హేజల్‌వుడ్ 'ది లవ్ హైపాథసిస్' (2021) చూడండి. 16వ అధ్యాయం వచ్చేదాకా ఏ తెలుగు వీక్లీలోనైనా వేసుకోవచ్చు. 16లో ఒక్కసారిగా 4వ మెట్టు. శాంపిల్ పనికొచ్చేది భాష తూకం చూసుకోవడానికి. మొదటి 20 పేజీల్లో డిక్షనరీ ఎన్నిసార్లు తీయాల్సి వచ్చిందో చూస్తే మిగతా పుస్తకం సంగతి తెలిసిపోతుంది.

ముగింపు గురించి: రొమాన్స్ అని అమ్మే నవలకి రెండు షరతులు. ప్రేమకథే అసలు కథ అయ్యుండాలి, చివర ఆశగా, మనసు నిండేలా ఉండాలి. పాఠకులు దీన్ని హెచ్‌ఈఏ అంటారు, శుభం కార్డు అన్నమాట. ఏడిపించేవి చాలావరకు ఈ గీతకి బయటివే, షాపులవాళ్లు అదే అరలో పెట్టేస్తారు. జోజో మోయెస్ 'మీ బిఫోర్ యూ' (2012) ప్రేమకథే, కానీ ఈ లెక్కలో రొమాన్స్ కాదు. కొలీన్ హూవర్ 'ఇట్ ఎండ్స్ విత్ అస్' (2016) అట్ట మీద పువ్వులుంటాయి, లోపల గృహహింస. చెడ్డ పుస్తకమని కాదు, సరదాగా చదువుకుందామని కూర్చున్నవాళ్ల చేతిలో చెప్పకుండా పెట్టకూడదు.

బూన్_పాఠకురాలు:
పిన్నిగార్లకి మిల్స్ అండ్ బూన్ అలవాటుంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. అట్ట మీద లైన్ పేరు ఉంటుంది, అదే చాలావరకు చెప్పేస్తుంది. లైన్ అంటే ఒకే తరహా కథల వరస. 'మోడరన్' అంటే కోటీశ్వరుడు, విదేశీ భవంతి, ఘాటు ఎక్కువ. 'మెడికల్' అంటే డాక్టర్లూ నర్సులూ. 'ట్రూ లవ్' నెమ్మదిగా, ఇంటిల్లిపాది కథల్లా ఉంటుంది. మోడరన్ లైన్ సుమారు 50,000 మాటలు, ఒక ఆదివారం చాలు. షాపులో విడిగా దొరికే కొత్త నవలలు 320 నుంచి 400 పేజీలు. గ్రూపు ఎంత వేగంగా చదువుతుందో చూసుకుని పెట్టుకోండి.

ఒక ముఖ్యమైన తేడా ఉంది. పాత బూన్‌లలో మనం హీరోని బయటినుంచే చూసేవాళ్లం, వాడి మనసులో ఏముందో చివరి పేజీల్లోగానీ తెలిసేది కాదు. ఇప్పటివాటిలో చాలా పుస్తకాలు ఇద్దరి నోటా నడుస్తాయి: ఒక అధ్యాయం ఆమె 'నేను', తర్వాతిది అతని 'నేను'. ఎవరు చెబుతున్నారో అధ్యాయం పైన పేరు వేస్తారు. ఆ పేరు చూడకుండా చదివేసి "ఏంటీ, అయోమయంగా ఉంది" అని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. మొదటి సమావేశంలోనే చెప్పేయండి.

వైజాగ్_వేణు:
పైన అన్నీ బాగానే చెప్పారు గానీ, పెద్దవాళ్లకి తలుపు మూసినవి, కుర్రవాళ్లకి తెరిచినవి అని మీరే పంచేయకండి. వయసుకీ దీనికీ సంబంధం లేదు. పాతికేళ్లమ్మాయి ఇబ్బంది పడే సీను అరవయ్యేళ్లావిడ నవ్వుతూ చదివేస్తుంది. వాట్సాప్ గ్రూపులో బాహాటంగా అడిగితే అందరూ 1 అనే అంటారు కాబట్టి, ఎవరికి ఏ మెట్టు దాకా ఫర్వాలేదో చీటీల మీద రాయించుకోండి. అందులోనే ఇంకో ప్రశ్న కూడా వేయండి: ఏ సంగతి అస్సలు చదవలేరు? సిఫార్సు తప్పేది ఎక్కువగా అక్కడే. గర్భస్రావం, భర్త మోసం, తల్లిదండ్రుల చావు, దాడి... వీటికీ సీన్ల మోతాదుకీ సంబంధం లేదు. స్టోరీగ్రాఫ్ యాప్‌లో ప్రతి పుస్తకానికీ కంటెంట్ వార్నింగ్స్ మూడు వరసల్లో ఉంటాయి, తీవ్రం, ఓ మోస్తరు, కొద్దిగా అన్నట్టు. 'తీవ్రం' వరస ఒక్కటి చూసినా చాలు.

ఎమిలీ హెన్రీ 'బీచ్ రీడ్' (2020) ఇందుకు మంచి ఉదాహరణ. పేరూ అట్టా చూస్తే సముద్రం ఒడ్డున కాలక్షేపం అనిపిస్తుంది. హీరోయిన్ తండ్రి పోయాడు, ఆయనకి ఇంకో ఆవిడతో సంబంధం ఉండేదని ఆ తర్వాత తెలిసింది. హీరో ఒక కల్ట్‌లో, అంటే గుడ్డిభక్తి ముఠాలో, జరిగిన చావుల మీద నవల రాస్తుంటాడు. మాటల్లో హాస్యం బోలెడు, కానీ ఈమధ్యే తండ్రిని పోగొట్టుకున్నవాళ్లకి ఇవ్వకండి. అలాగే 'కిస్ కోషెంట్' నచ్చిందని అదే రచయిత్రి 'ది హార్ట్ ప్రిన్సిపల్' (2021) వెంటనే పెట్టకండి. మంచాన పడ్డ తండ్రికి ఇంట్లో సేవ చేసే భాగం గుండెని పిండేస్తుంది.

శిరీష_నిజాంపేట:
చీటీల సలహా బాగుంది వేణు గారూ. ఇంకో మాట. "ఎనిమీస్ టు లవర్స్, అంటే శత్రువులు ప్రేమికులయ్యే కథలు కావాలి" అని పిల్లలు అడుగుతున్నారు. అలా ట్రోప్ (కథ మూస) పట్టుకుని వెతికితే సరిపోతుందా?

అరలో_పుస్తకం:
ట్రోప్ చెప్పేది కథ ఎక్కడ మొదలవుతుందో, అంతే. 'ఎనిమీస్ టు లవర్స్' అని అమ్మే ఆధునిక కథల్లో నూటికి తొంభై శత్రువులు కాదు, ఆఫీసులో పోటీదార్లు. ఆ ట్రోప్‌లో వాళ్లకి ఏం నచ్చిందో అడగండి. మాటకి మాట అనుకోవడమా? చివరిదాకా ముట్టుకోకుండా సాగదీయడమా? హీరో బెట్టు సడలడమా? మాటల యుద్ధం కావాల్సినవాళ్లకి సాగదీత ఇస్తే 100 పేజీల్లో పక్కన పడేస్తారు.

ఇక ఆరు పుస్తకాలు.

శాలీ థోర్న్ 'ది హేటింగ్ గేమ్' (2016). మీ పిన్నిగార్లకి మొదట ఇదే ఇవ్వండి. రెండు ప్రచురణ సంస్థలు కలిసిపోతాయి, ఇద్దరు బాసులు, వాళ్ల దగ్గర ఎదురెదురు బల్లల మీద లూసీ, జాషువా. ఇద్దరూ సెక్రటరీలే. పై పోస్టు ఒకటే, ఇద్దరికీ కావాలి. యద్దనపూడి 'సెక్రటరీ'లో జయంతి, రాజశేఖరాల మధ్య నడిచే అభిమానం, అపార్థం, లోపల్లోపలి ఆరాటం ఇష్టపడ్డవాళ్లు ఇందులో వెంటనే ఇమిడిపోతారు. కథంతా లూసీ నోటే. చివర్లో తలుపు తెరుచుకుంటుంది, అందాకా చూపులతోనే చంపుతుంది.

కేథరిన్ సెంటర్ 'ది బాడీగార్డ్' (2022). ముద్దు దాటదు. బాడీగార్డ్ ఆమె, రక్షణ కావాల్సింది సినిమా హీరోకి. టెక్సస్‌లో అతని ఇంటివాళ్ల దగ్గర ప్రియురాలిగా నటించాలి. ఆరింటిలో ఇంగ్లీషు అన్నిటికంటే తేలిక. హీరో తల్లికి క్యాన్సర్ ఆపరేషన్ ఉంది, ముందే చెప్పండి.

ఉజ్మా జలాలుద్దీన్ 'ఆయేషా ఎట్ లాస్ట్' (2018). టొరంటోలో ముస్లిం కుటుంబాలు, జేన్ ఆస్టిన్ కథకి కొత్త రూపు. చేయి పట్టుకోవడమే పెద్ద విషయం, సంబంధాలు చూసే పెద్దవాళ్ల హడావుడి మనకి బాగా తెలిసిందే. పాత్రలు ఎక్కువ, మొదటి 50 పేజీలు ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక కాగితం మీద రాసుకుంటే మంచిది.

బెత్ ఓలియరీ 'ది ఫ్లాట్‌షేర్' (2019). లండన్‌లో ఒకే మంచం ఉన్న ఫ్లాట్. లియాన్‌ది రాత్రి డ్యూటీ, టిఫీది పగటి ఉద్యోగం. నెలల తరబడి ఒకరి మొహం ఒకరు చూడకుండా, గోడకీ గిన్నెలకీ అంటించిన చీటీల్లోనే పరిచయం పెరుగుతుంది. మీ గ్రూపులో ఎక్కువ ఓట్లు దీనికే పడతాయని నా అంచనా. లియాన్ అధ్యాయాలు తెగ్గొట్టిన వాక్యాల్లో, 'నేను' అన్న మాట వదిలేసి నడుస్తాయి. ఇంగ్లీషు బళ్లో నేర్చుకున్నవాళ్లకి ముందు అచ్చుతప్పులేమో అనిపిస్తుంది, రెండు మూడు అధ్యాయాల్లో అలవాటవుతుంది. టిఫీ పాత ప్రియుడు ఆమెని మానసికంగా హింసించిన భాగం బరువుగానే ఉంటుంది.

సోనాలీ దేవ్ 'ఎ బాలీవుడ్ అఫైర్' (2014). నాలుగేళ్లకే పెళ్లయిన రాజస్థానీ పిల్ల మిలీ చదువుకోడానికి మిషిగన్ వస్తుంది. ఎన్నడూ చూడని భర్త తరఫున విడాకుల కాగితాల మీద సంతకం పెట్టించడానికి వచ్చినవాడే హీరో. ఆ వచ్చినవాడు భర్త తమ్ముడు. అమెరికా పాఠకులు ఇది పట్టించుకోకుండా దాటిపోతారు, మన దగ్గర మాత్రం "మరిదితోనా?" అనేవాళ్లు ఉంటారు. దాచకుండా చెప్పి ఇవ్వండి, సమావేశంలో మంచి చర్చ వస్తుంది.

టాలియా హిబ్బర్ట్ 'గెట్ ఎ లైఫ్, క్లోయి బ్రౌన్' (2019). చీటీల్లో 4, 5 రాసినవాళ్లకి. ఫైబ్రోమయాల్జియా నొప్పులతో బతికే అమ్మాయి హీరోయిన్. నొప్పిని అలంకారంగా కాకుండా రోజువారీ లెక్కగా చూపిస్తుంది: ఏ పని చేస్తే రేపు లేవలేను, ఎవరితో ఎంత చెప్పాలి అన్నట్టు. ముగ్గురు అక్కచెల్లెళ్లకి మూడు పుస్తకాలు, ఒక్కో జంట కథ ఒక్కోదాంట్లో పూర్తవుతుంది కాబట్టి వరస తప్పినా ఫర్వాలేదు.

బూన్_పాఠకురాలు:
గ్రూపుగా చదివేవాళ్లకి ఒక చిట్కా. ముప్పావు వంతు దాటాక జంట విడిపోవడం ఈ నవలల్లో మామూలు, 350 పేజీల పుస్తకంలో 260, 280 మధ్య ఎక్కడో. రెండు విడతలుగా చదువుతుంటే అక్కడ ఆపకండి. చిరాకుపడి మిగతాది చదవకుండానే వచ్చేస్తారు. సగం దగ్గర ఆపితే అందరూ ఉత్సాహంగా ఉంటారు.

కొనేటప్పుడు కూడా జాగ్రత్త. బాగా అమ్ముడయ్యే రొమాన్స్‌లన్నిటికీ ఫుట్‌పాత్ మీద దొంగ ముద్రణలు ఉన్నాయి. అట్ట మీది అక్షరాలు వేలికి ఉబ్బెత్తుగా తగలకపోతే, లోపల అక్షరం మసకగా ఉంటే అనుమానించండి. పేజీల నంబర్లు చివరిదాకా తిరగేసి చూడండి, కొన్నిట్లో ఒక ఫారం (కలిపి కుట్టే పేజీల కట్ట) మొత్తం ఎగిరిపోయి ఉంటుంది. ఈబుక్ అయితే, కిండిల్ అన్‌లిమిటెడ్‌లో (అమెజాన్ వాళ్ల చందా పథకం) ఉన్న సొంత ప్రచురణలు వేరే యాప్‌లో దొరకవు. అందులో చేరే రచయితలకి 90 రోజులు ఇంకెక్కడా ఈబుక్ పెట్టకూడదన్న షరతు ఉంటుంది, చాలామంది దాన్ని పొడిగిస్తూ పోతారు.

శిరీష_నిజాంపేట:
చాలా థ్యాంక్సండీ. హేటింగ్ గేమ్, ఫ్లాట్‌షేర్ ఆర్డర్ పెట్టేశాను. ఎమిలీ హెన్రీవి కూడా రెండు చూశాను, 'పీపుల్ వి మీట్ ఆన్ వెకేషన్', 'యు అండ్ మీ ఆన్ వెకేషన్'. మొదటి భాగం ఏది?

వైజాగ్_వేణు:
రెండూ ఒకే పుస్తకం అండీ, 2021ది. మొదటిది అమెరికా పేరు, రెండోది బ్రిటన్‌లో మొదట పెట్టిన పేరు. మన షాపులకి బ్రిటన్ ముద్రణ ఎక్కువగా వస్తుంది, ఆన్‌లైన్‌లో రెండూ కనిపిస్తాయి. ఒకటి కార్ట్‌లోంచి తీసేయండి. ఉంచేదానికి, అధ్యాయం పైన 'ఈ వేసవి' అనో 'పన్నెండేళ్ల కిందటి వేసవి' అనో ఉంటుంది, అది చూసుకుంటూ చదవమని చెప్పండి.