మే ఎండల్లో శీలావతి గాలానికి పడట్లేదు: ఎర మార్చాలా, టైమ్ మార్చాలా?

పెందుర్తి_గాలం:
విశాఖ దగ్గర సబ్బవరం వైపు ఒక చెరువు. సొసైటీ వాళ్లు చేపపిల్ల వేసి పెంచుతున్నారు, డబ్బు కట్టించుకుని గాలానికి వదుల్తారు. శీలావతి, బొచ్చె, మోసు ఉన్నాయి. నీళ్లు బాగా తగ్గాయి: కట్ట దగ్గర ఆరేడు అడుగులు, మిగతాదంతా నడుంలోతు. రంగు చిక్కటి ఆకుపచ్చ. పొద్దున్న 5కి వేస్తే 7 దాకా నీటి మీద తేలే బెండు కదలదు. చేపలు మాత్రం పైకొచ్చి నోళ్లాడిస్తూ కళ్లెదుటే కనబడతాయి. ఎర మైదా, బ్రెడ్, కాస్త వెనీలా ఎసెన్సు. లైన్ 0.35 మి.మీ., గాలం 6 నంబరు. ఏటవుతోందో అర్థం కావట్లేదు.

బెండు_బాబాయ్:
నోళ్లాడించేది ఆకలికి కాదు తమ్ముడూ, ఊపిరాడక. 30 డిగ్రీల నీళ్లలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ మహా అయితే లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు. ఆ పచ్చటి నాచు పగలు ఆక్సిజన్ వదుల్తుంది, రాత్రంతా తనే పీల్చేస్తుంది. తెల్లారేసరికి అడుగంటిపోతుంది. అప్పుడు చేప ముందు లడ్డూ పెట్టినా ముట్టదు. చలికాలం లెక్క వేసవికి పనికిరాదు. ఎండ తగిలి రెండు గంటలయ్యాక మొదలుపెట్టు, ఏడున్నర నుంచి పది. మళ్లీ నాలుగున్నర నుంచి చీకటిపడే దాకా. నన్నడిగితే సాయంత్రమే మేలు.

కూర్చునే చోటు కూడా చూసుకో. మనకి వేసవిలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి కొడుతుంది. విసరడం తేలికని అందరూ గాలికి వీపు పెట్టి కూర్చుంటారు. కానీ అలలొచ్చి తగిలేది ఎదురు గట్టుకి, ఈశాన్యం మూలకి. అక్కడ నీళ్లు కదిలి ఆక్సిజన్ కలుస్తుంది, తేలే మేతా అటే చేరుతుంది. మొహానికి గాలి కొట్టినా అక్కడే వెయ్యి.

ఎనిమిదిన్నరకి కూడా చెరువంతా నోళ్లాడిస్తుంటే గాలం చుట్టేసి సొసైటీ వాళ్లకి చెప్పు. మేత మాత్రం వెయ్యకు, అది కుళ్లి ఉన్న కాస్త ఆక్సిజన్నీ తినేస్తుంది.

తవుడు_చెక్క:
బాబాయ్ చెప్పిన టైముతో పాటు ఎర కూడా మార్చాలండి. మైదా, బ్రెడ్ కలిస్తే రబ్బరు ముద్దే. చేప నోట్లో పెట్టుకున్నా, మీరు లాగినప్పుడు గాలం మొన ముద్దలోంచి బయటికి రాదు. పైగా మేత వేసి పెంచే చేపకి అలవాటైన వాసన తవుడు, నూనె తీసిన వేరుశనగ చెక్క. వెనీలా ఇంట్లో ఇచ్చెయ్యండి, కేకులోకి పనికొస్తుంది.

శీలావతికి తవుడు 300 గ్రాములు, వేరుశనగ చెక్క పొడి 200, మైదా 60, బెల్లం 40. తవుడూ చెక్కా విడివిడిగా సన్నసెగ మీద వేయించి, కమ్మటి వాసన రాగానే దించెయ్యండి. మాడితే చేదు. బెల్లం పావులీటరు నీళ్లలో కరిగించి కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. తవుడుని బట్టి నీళ్లు మారతాయి కాబట్టి ఒకేసారి గుమ్మరించొద్దు. తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు వదిలెయ్యాలి.

తర్వాత ఉసిరికాయంత ఉండ బకెట్ నీళ్లలో వేసి చూడండి. పది నిమిషాలకి అంచులు రాలడం మొదలవ్వాలి. రెండు నిమిషాలకే విడిపోతే ఇంకో చెంచా మైదా, పావుగంటకీ రాయిలా ఉంటే తవుడు. ఈ ఎండకి ముద్ద నాలుగైదు గంటల్లో పులుస్తుంది, సగమే తడిపి మిగతాది పొడిగా ఉంచుకోండి. చేపల్ని రప్పించడానికి నీళ్లలో చల్లే మేత మామూలుగా వేసేదాన్లో సగం చాలు.

పెందుర్తి_గాలం:
బొచ్చెకీ ఇదే ముద్దా? లోతు ఎంత పెట్టాలి?

తవుడు_చెక్క:
బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది చూడండి, అది నీటి పై పొరల్లో నలకలు పీల్చే చేప. దానికి మైదా సగానికి తగ్గించండి, మూడు నిమిషాలకే పొగలా విడిపోవాలి. నిమ్మకాయంత ఉండ, బెండు కింద రెండడుగులు. ఎర తరచూ మార్చాలి, ఓపిక లేకపోతే బొచ్చె జోలికి పోవద్దు.

మిగతా వాటికి ముందు లోతు కొలవండి. గాలానికి బెండుని ముంచేంత సీసం తగిలించి వేస్తే, బెండు మునిగితే దారం చాలనట్టు, అడ్డంగా పడుకుంటే ఎక్కువైనట్టు. శీలావతికి చెరువు అడుగు నుంచి జానెడు పైన, మోసుకి అడుగునే. బెండు టకటకా కొట్టుకుని ఆగిపోతుంటే చిన్న తిలాపియా ముద్ద కొరుకుతోందని, లాగొద్దు. నెమ్మదిగా పక్కకి నడిచి మునిగితే అప్పుడు లాగండి.

కట్టమీద:
సాయంత్రం అన్నారు కాబట్టి ఒక మాట. ఉరుము వినబడగానే కార్బన్ రాడ్ (గాలం కర్ర) కింద పెట్టి కట్ట దిగిపోండి, దానిలోంచి కరెంటు పారుతుంది. పట్టిన చేపని వలసంచిలో గట్టు పక్క వేడినీళ్లలో వేలాడదీస్తే గంటలో చచ్చి మెత్తబడుతుంది. కిలో చేపకి కిలో ఐసు పట్టుకెళ్లండి.

ఇంకోటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం సముద్రంలో బోట్లకి, చెరువులకి కాదు. అలాగని మేఘాద్రిగెడ్డలోనో ముడసర్లోవలోనో అడక్కుండా గాలం వెయ్యకండి, అవి తాగునీటి రిజర్వాయర్లు.