రెండు లక్షల్లో కార్బన్ హార్డ్‌టెయిలా, మంచి పార్టులున్న అల్యూమినియమా?

చంద్రగిరి కుర్రోడు:
అందరికీ నమస్కారం. నాకు 23 ఏళ్ళు, బరువు 62 కిలోలు. మూడేళ్ళుగా ఓ పాత సైకిల్ మీద కోట చుట్టుపక్కల మట్టి దారుల్లో తొక్కుతున్నా. వచ్చే సీజన్‌లో క్రాస్ కంట్రీ రేసుల్లో దిగాలని రెండు లక్షలు కూడబెట్టినా. ఆ డబ్బుకి రెండు హార్డ్‌టెయిల్ సైకిళ్ళు చూసినా, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండేవి. ఒకటి కార్బన్ ఫ్రేమ్, కానీ ముందు సస్పెన్షన్ ఇనుప స్ప్రింగుతో పనిచేసే కాయిల్ ఫోర్కు, బరువు చక్రాలు. రెండోది అల్యూమినియం, దానికి 100 మిల్లీమీటర్లు కుంగే, గాలితో పనిచేసే ఎయిర్ ఫోర్కు, షిమానో వాళ్ళ 12 స్పీడ్ డియోర్ గేర్లు, తేలికైన చక్రాలు. షాపాయన కార్బన్ తీసుకో, మిగతావి మెల్లగా మార్చుకోవచ్చు అంటాడు. మా నాన్న ఆ డబ్బుకి మోటార్ సైకిల్ వస్తుంది కదరా అంటాడు, అది వేరే కథ.

పీలేరు ఘాట్:
షాపాయన చెప్పిందే నిజం తమ్ముడూ. ఫోర్కు, చక్రాలు, చైన్ అన్నీ అరిగేవే, ఎప్పటికైనా మార్చాల్సినవే. ఫ్రేమ్ ఒక్కసారే కొంటాం. పైగా కార్బన్ రాళ్ళ దారిలో సన్న అదురుని మింగేస్తుంది. భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు ఆ అరకిలో తేడా కాళ్ళకి తెలుస్తుంది.

టార్క్ రెంచ్ అక్క:
తెలిసేది కాళ్ళకా, మనసుకా అన్నా? లెక్క వేద్దాం. మనిషీ సైకిలూ కలిపి 73 కిలోలు అనుకో. అరకిలో అంటే అందులో 0.7 శాతం. క్లైంబ్‌లో టైం కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. 20 నిమిషాలు ఆగకుండా ఎక్కితే మిగిలేది ఎనిమిది సెకన్లు. ఒక్క పంక్చర్ పడితే పోయేది రెండు మూడు నిమిషాలు. తమ్ముడూ, ఆ కార్బన్ సైకిల్ మొత్తం బరువెంతో అడిగావా? ఫ్రేమ్‌లో తగ్గిన అరకిలోని ఆ కాయిల్ ఫోర్కు ఒక్కటే తిరిగి ఎక్కించేస్తుంది. అదురు సంగతంటావా, టైర్లు ట్యూబ్‌లెస్ చేసి ముందు టైరులో గాలి 18 పీఎస్ఐకి తగ్గించి పెట్టుకుంటే ఏ ఫ్రేమూ అంత మెత్తదనం ఇవ్వదు.

పీలేరు ఘాట్:
ఎనిమిది సెకన్లు చిన్నవా? రేసులో ఒక్కోసారి పోడియం అంతకన్నా తక్కువ తేడాతోనే చేజారుతుంది.

టార్క్ రెంచ్ అక్క:
పోడియం దాకా వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ముందు కుర్రోడు రేసు పూర్తి చేయాలి కదా.

మామిడితోపు:
నాది చిత్తూరు. నాలుగేళ్ళుగా కార్బనే తొక్కుతున్నా, భయపెట్టేవాళ్ళని నమ్మొద్దు. కానీ ఒకటి చెప్తా. పోయిన వేసవిలో తోపుల మధ్య బాటలో దిగుతుంటే ముందు చక్రం కింద నుంచి గ్రానైట్ ముక్క ఎగిరి ఫ్రేమ్ కింది గొట్టానికి, అదే డౌన్‌ట్యూబ్‌కి, టక్కున తగిలింది. ఆ శబ్దం వింటే ప్రాణం పోయినంత పనైంది. దిగి, ఎర్రమట్టి తుడిచి, ఐదు రూపాయల బిళ్ళతో ట్యూబ్ పొడుగునా కొట్టుకుంటూ పోయినా. ఖంగుమంటే మంచిదే, ఒకచోట డొల్లగా బొద్దుగా వినిపిస్తే లోపల పొర విడిపోయినట్టు. అదృష్టం బాగుండి పెయింటే లేచింది. నిజంగా దెబ్బతిన్నది మాత్రం సీటు కింది కార్బన్ గొట్టం, సీట్‌పోస్టు. అది జారిపోతోందని ఊళ్ళో ఒక షాపులో ఇస్తే, మోటార్ సైకిల్ నట్టు బిగించినట్టు బిగించాడు. క్లాంప్ దగ్గర వెంట్రుకంత గీత పడింది. కార్బన్‌కి గ్రిప్ పేస్టు రాసి, దాని మీద రాసిన టార్క్, అంటే బిగింపు కొలత, వరకే, చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు, అంతే బిగించాలి. కార్బన్ కొంటే టార్క్ రెంచ్ డబ్బు కూడా బడ్జెట్‌లో రాసుకో.

నగరి బ్రో:
అదే నేను చెప్పేది. అల్యూమినియం అయితే పగిలినా వెల్డింగ్ కొట్టించొచ్చు.

టార్క్ రెంచ్ అక్క:
వద్దు తమ్ముడూ! ఫ్యాక్టరీలో వెల్డింగ్ అయ్యాక ఫ్రేమ్‌ని మళ్ళీ హీట్ ట్రీట్‌మెంట్ చేస్తారు. గేట్లు చేసే షాపులో అతికిస్తే ఆ చుట్టూ లోహం మెత్తబడి పక్కనే మళ్ళీ విరుగుతుంది. ఈ ఒక్క విషయంలో కార్బనే నయం, తెలిసినవాళ్ళు పాడైన చోట పొరలు వేసి బాగుచేస్తారు. నేను అల్యూమినియం పార్టీ అని అబద్ధాలు చెప్పను.

నగరి బ్రో:
అయితే హార్డ్‌టెయిల్ ఎందుకు అసలు? 2012 లండన్ ఒలింపిక్స్‌లో కుల్హవీ, 2016 రియోలో షుర్టర్, ఇద్దరూ ముందూ వెనకా సస్పెన్షన్ ఉండే ఫుల్ సస్పెన్షన్ మీదే బంగారు పతకం కొట్టారు.

పీలేరు ఘాట్:
లండన్‌లో అదే షుర్టర్ హార్డ్‌టెయిల్ మీద రెండోవాడుగా వచ్చాడు, చివరి ల్యాప్ దాకా వదల్లేదు. అయినా రెండు లక్షల్లో వచ్చే ఫుల్ సస్పెన్షన్ బరువు చూశావా బ్రో?

మామిడితోపు:
ఏది కొన్నా ముందు టైర్ల సంగతి చూడండప్పా. మన దగ్గర రాళ్ళకన్నా పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళే శత్రువులు. ట్యూబుతో ఒక ఆదివారం నాకు మూడు పంక్చర్లు. ట్యూబ్‌లెస్ చేశాక ముల్లు పీకితే టైరు లోపల పోసిన సీలెంట్ ద్రవం బుస్సుమని వచ్చి రంధ్రాన్ని పూడ్చేస్తుంది, గాలి ఆగిపోతుంది. ఏప్రిల్, మే ఎండకి అది తొందరగా ఎండిపోతుంది, నెలన్నరకోసారి వాల్వు విప్పి చూసుకోవాలి.

చంద్రగిరి కుర్రోడు:
అందరికీ థ్యాంక్స్. ఇందాక షాపుకి ఫోన్ చేసినా. కార్బన్‌ది ఎల్ సైజు ఒక్కటే ఉందంట. నా ఎత్తు 168. సీటు దించి, హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ మారిస్తే సరిపోతుంది అంటున్నాడు.

టార్క్ రెంచ్ అక్క:
ఓరి నాయనా, ఇంతసేపూ ఇది చెప్పలేదేం! సీటు దించితే సీటు దిగుతుంది, ఫ్రేమ్ పొడుగు తగ్గుతుందా? నీది ఎం సైజు. ఆయనకి మిగిలిపోయిన స్టాకు అది.

పీలేరు ఘాట్:
ఎల్ మాత్రం వద్దు, అక్క మాటే నా మాట. కానీ కార్బన్‌లో ఎం సైజు తెప్పించమను, రెండు నెలలు ఆగితే ఏం పోయింది?

టార్క్ రెంచ్ అక్క:
రెండు నెలల ప్రాక్టీసు పోయింది.

మామిడితోపు:
తమ్ముడూ, నాది ఎం సైజే. ఆదివారం పొద్దున ఆరింటికి కల్యాణి డ్యాం రోడ్డుకి తెస్తా. లోపల అడవిలోకి పర్మిషన్ లేదు, బయటి మట్టి దారి చాలు. అక్కా, మీరు మీ అల్యూమినియం తీసుకురండి. రెండిట్లోనూ ఒకే గాలి పెడదాం, వాడు రెండూ తొక్కి చూస్తాడు. పెడల్స్ మాత్రం నీవి తెచ్చుకో.

చంద్రగిరి కుర్రోడు:
వస్తా అన్నా. టిఫిన్ నాది.