అప్‌డేట్: బీరువాలో ఉంచిన మంచు పెయింటింగ్ పసుపెక్కింది (పరిష్కారమైంది)
హిమాచల్ ప్రదేశ్‌లోని సోలాంగ్ లోయ మంచును చూపిస్తూ వేసిన చిన్న ఆయిల్ పెయింటింగ్ బీరువాలో పసుపెక్కిందని ఇక్కడ అడిగాను కదా, ఇప్పుడది బాగైంది. అందరికీ థాంక్స్. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టమన్న సలహానే పనిచేసింది. అవిసె నూనెతో చేసిన రంగు చీకట్లో ఉంటే పసుపెక్కుతుంది, వెలుతురు తగిలితే ఆ పసుపు చాలావరకు పోతుంది. దేవదారు కొమ్మల మీద మందంగా పెట్టిన తెలుపు అన్నిటికన్నా చివర తేరుకుంది. ఆకుపచ్చగా మారిన నీడలు మళ్ళీ నీలంగా కనిపిస్తుంటే ఎంత సంతోషమో!

వార్నిష్ (బొమ్మ మీద చివర్లో వేసే రక్షణ పూత) అసలు వేయలేదు, కాబట్టి పసుపెక్కడానికి అది కారణం కాదు. నేను వాడిన తెల్ల రంగు టైటానియం వైట్ నకిలీదేమోనన్న టెన్షన్ కూడా పోయింది: అదే ట్యూబుతో వేసి హాల్లో తగిలించిన బొమ్మ తెల్లగానే ఉంది. ఇకనుంచి మంచు పై పొరకు కుసుమ నూనెతో చేసిన తెలుపు వాడతాను. అది తక్కువ పసుపెక్కుతుంది, ఆరడానికి మాత్రం ఎక్కువ టైమ్ తీసుకుంటుంది.