మొదటి వడపోత: పనికిరానివి తీసేయాలా, మంచివి ఏరుకోవాలా?

ప్రశ్న:
ఒక్క రోజులో రెండు వేల ఫొటోలు తీసినప్పుడు నేను లైట్‌రూమ్ క్లాసిక్ అనే ఫొటోల సాఫ్ట్‌వేర్‌లో వరుసగా చూస్తూ, బాగాలేనివాటికి తిరస్కరణ గుర్తు పెట్టే ఎక్స్ మీట నొక్కి, చివరికి వాటన్నింటినీ డిస్క్ నుంచే చెరిపేస్తాను. ఇది తప్పని, పి మీటతో మంచివాటిని మాత్రమే ఎంచుకుని తక్కినవాటి జోలికి పోకూడదని నాతో పనిచేసే ఒకరు గట్టిగా వాదిస్తున్నారు. మీరేమంటారు?

మొదటి సమాధానం:
మీ సహచరుల మాటే సరైనదని నా అభిప్రాయం. లోపాలు వెతకడానికి కూర్చున్న కంటికి లోపం లేని ప్రతి ఫొటో దాచుకోదగినదిగానే తోస్తుంది. ఒకే క్షణాన్ని పన్నెండు ఫ్రేముల్లో పట్టుకున్నారనుకుందాం. కదిలిపోయినవి మూడు తీసేసినా తొమ్మిది మిగులుతాయి, అసలు నిర్ణయం వాయిదా పడుతుంది. ఆ పన్నెండింటినీ ఎన్ మీటతో సర్వే వ్యూలో పక్కపక్కన పరిచి, ముఖంలో భావం పలికినది ఏదని చూస్తే జవాబు త్వరగా దొరుకుతుంది.

రెండో సమాధానం:
ఈ వాదనలో బలం ఉంది గానీ, నిల్వ మాటేమిటి? రా ఫైలు, అంటే కెమెరా సెన్సర్ సమాచారాన్ని దాదాపు యథాతథంగా ఉంచే ఫైలు, ఒక్కోటి 25 ఎంబీ అనుకుంటే రెండు వేలకు 50 జీబీ అవుతుంది, ప్రతి బ్యాకప్‌లోనూ ఆ భారం ఉంటుంది. కనుక తొలగింపు తప్పదు. నా అభ్యంతరమల్లా అదే పూట తొలగించడంపైనే. తొలి చూపులో చాలా సాఫ్ట్‌వేర్‌లు చూపించేది రా ఫైలులో కెమెరా పొదిగి ఉంచిన జేపెగ్‌ను. అందులో తెల్లగా పాలిపోయినట్లు కనిపించిన ఆకాశంలో, రా సమాచారాన్ని తెరిచి సవరించాక మబ్బులు బయటపడటం నేను ఎన్నోసార్లు చూశాను. ఫోకస్ తప్పిన కళ్లకు అటువంటి రెండో అవకాశం ఉండదు. అందుచేత ఫోకస్ తప్పినవాటిని నిస్సంకోచంగా తిరస్కరించండి, వెలుతురు విషయంలో మాత్రం వెంటనే తీర్పు చెప్పకండి.

మరొక సంగతి: పి, ఎక్స్ మీటలతో పెట్టే జెండా గుర్తును కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఫొటోల వివరాలు దాచుకునే తమ కేటలాగులోనే ఉంచుకుంటాయి, కనుక వేరేచోట తెరిస్తే అది కనిపించకపోవచ్చు. రంగు లేబుల్ ఒక మాటగా నిల్వ అవుతుంది కాబట్టి, లైట్‌రూమ్‌లో ‘రెడ్’ అయినది అడోబీ బ్రిడ్జ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ‘సెలెక్ట్’ కావచ్చు. రేటింగుగా ఇచ్చే నక్షత్రాలకు ఆ బెడద తక్కువ. ఫొటో వివరాలను నమోదు చేసే ఎక్స్‌ఎంపీ ప్రమాణంలో రేటింగుకు 0 నుంచి 5 వరకు, తిరస్కరణకు -1 అని విలువలు స్థిరపడి ఉన్నాయి.

ప్రశ్న వేసినవారు:
వెలుతురు గురించి మీరు చెప్పినది చదివితే బాధ కలిగింది. నిరుడు ఒక నృత్య ప్రదర్శనలో చీకటిగా వచ్చిన ఫొటోలన్నీ ఆ రాత్రే చెరిపేశాను. నర్తకి వేదికపై ఒంటరిగా నిలిచిన ఘట్టానికి ఇప్పుడు నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. ఇకపై ఎక్స్ నొక్కినా, ఫొటోలు అప్పగించిన తరువాత తిరస్కరించినవాటిని మరొకసారి చూసి గాని చెరపను. అయినా మంచివి మాత్రమే ఏరే పద్ధతికి ఒప్పుకోలేకపోతున్నాను. ఏ గుర్తూ లేని ఫొటో నేను చూసి వదిలేసినదో, అసలు చూడనిదో ఎలా తెలుస్తుంది?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఆ ఇబ్బంది నిజమే, అందుకే నేను జెండాలు మానేశాను. చూసిన ప్రతి ఫొటోకూ ఒక నక్షత్రం, ఎంచుకున్నదానికి రెండు ఇస్తాను. నక్షత్రం లేనివే చూపమని ఫిల్టర్ పెడితే చూడనివన్నీ ముందుకు వస్తాయి.