ఉబుంటు ఎక్కించాక విండోస్‌లో టైమ్ తప్పుతోంది: ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

పాలమూరు డిగ్రీ:
విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. మా పాత ల్యాప్‌టాప్ 11ను తీసుకోదు. అందుకే పక్కన ఉబుంటు అనే లైనక్స్ ఓఎస్ ఎక్కించాను. అది వాడి విండోస్‌లోకి వస్తే సాయంత్రం 6 గంటలప్పుడు మధ్యాహ్నం 12:30 అని చూపిస్తోంది. ఉబుంటులో డీ డ్రైవ్ తెరుచుకుంటుంది కానీ ఏదీ సేవ్ కాదు. ఇక్కడ షాపులో అడిగితే మదర్‌బోర్డు గడియారం బ్యాటరీ మార్చి ఫార్మాట్ కొట్టాలన్నారు. డీ డ్రైవ్‌లో చెల్లి ప్రాజెక్ట్ ఫైళ్లున్నాయి, టెన్షన్‌గా ఉంది.

నల్లగొండ సర్వీస్:
తమ్మీ, ఉబుంటు తీసెయ్. ఇంట్లో నలుగురు వాడే సిస్టమ్‌లో రెండు ఓఎస్‌లు వద్దు. బూట్ సెట్టింగ్ మారిందని, డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగిన సిస్టమ్‌లు చాలా చూశాను. చాలామందికి ఆ కీ ఎక్కడుందో కూడా తెలియదు.

మిర్యాలగూడ లైనక్స్:
అన్నా, బిట్‌లాకర్ భయం నిజమే. కానీ ఫార్మాట్ దేనికి? ఇక్కడ ఏదీ పాడవలేదు.

తమ్ముడు చెప్పిన తేడా చూడండి, కచ్చితంగా ఐదున్నర గంటలు. మన టైమ్ యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం కంటే అంతే ముందుంటుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ రాస్తుంది, విండోస్ దాన్నే మన లోకల్ టైమ్ అనుకుని చదువుతుంది. బ్యాటరీ అయిపోతే ఇలా లెక్కగా తప్పదు. కరెంటు తీసినప్పుడు తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. షాపులో ఈ ఒక్క తేడా చూసుంటే ఆ కుర్రాడికి ఇంత కంగారు ఉండేది కాదు.

ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1 అని కొడితే గడియారం విండోస్ లెక్కలోకి వస్తుంది.

ఇక డీ డ్రైవ్. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. డ్రైవ్ ఇంకా వాడకంలో ఉందని ఉబుంటు దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. అది మన ఫైళ్లను కాపాడటానికే, బలవంతంగా రాయించొద్దు. షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి ఉబుంటులోకి వెళ్లి చూడు తమ్ముడూ, సేవ్ అయితే కారణం ఇదే. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్ల సెట్టింగ్‌లో ఆ టిక్ తీసెయ్.

నల్లగొండ సర్వీస్:
టైమ్ ఉబుంటులో ఎందుకు మార్చాలి? లోకల్ టైమ్ పెడితే ఆ కమాండే వార్నింగ్ ఇస్తుంది. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో, టైమ్ జోన్ ఇన్ఫర్మేషన్ కింద రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే డీవర్డ్ (అంకె రాసే ఎంట్రీ) చేసి 1 పెట్టాలి. అదే పద్ధతి.

మిర్యాలగూడ లైనక్స్:
పద్ధతి అదే, కాదనను. ఆ వార్నింగ్ వేసవిలో గడియారం గంట జరుపుకునే దేశాలకు ఎక్కువ వర్తిస్తుంది, మనకు ఆ బాధ లేదు. చెల్లెలు కూడా వాడే విండోస్‌లో రిజిస్ట్రీ జోలికి పోవడం నాకు ఇష్టం లేదు.

పాలమూరు డిగ్రీ:
రీస్టార్ట్ కొట్టి వెళ్తే డీ డ్రైవ్‌లో సేవ్ అయింది! ఫాస్ట్ స్టార్టప్ తీసేశాను. టైమ్ ఉబుంటులోనే మార్చాను, ఇప్పుడు రెండింటిలో సరిగ్గా ఉంది. ఉబుంటు తీయను అన్నా.

నల్లగొండ సర్వీస్:
ఉంచుకో. కానీ సీ డ్రైవ్‌కు బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో ఈరోజే చూడు. ఉంటే కీ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టు. చెల్లి ఫైళ్లు వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసే వరకు బయోస్ (మదర్‌బోర్డు బూట్ సెట్టింగులు) జోలికి వెళ్లకు.