యుద్ధంలో కూలిన భవనం: కావాలని కూల్చారని నిరూపించాలంటే ఏం కావాలి?

తీరం (ప్రశ్న)

బోస్నియాలోని మోస్తర్ పాత వంతెన తీర్పులు చదివాక ఈ చిక్కు వదలడం లేదు. 1566లో కట్టిన వంతెన. 1993 నవంబరు 8న ట్యాంకుతో వరసగా కొట్టారు, 9న నెరెత్వా నదిలో కూలింది. వీడియో ఉంది, కొట్టిందెవరో తెలుసు. 2013లో మాజీ యుగోస్లావియా యుద్ధనేరాల అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో ట్రయల్ ఛాంబర్ (విచారణ బెంచి) నేరమంది, 2017లో అప్పీల్స్ ఛాంబర్ ఆ అభియోగాన్ని కొట్టేసింది. అటు మాలి దేశంలోని టింబక్టులో 2012లో సమాధి మందిరాలు పగలగొట్టించిన అల్ మహదీకి మాత్రం అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2016లో తొమ్మిదేళ్లు వేసింది. రెండూ కావాలని చేసినవే కదా, మరి తేడా ఎక్కడ వచ్చింది? ఇళ్లు, బడులు, కోర్టులు, మునిసిపల్ ఆఫీసుల సంగతేమిటి? రుజువుగా ఏం సేకరించాలి, ఎక్కడ దెబ్బతింటుంది?

న్యాయరేఖ

సైనిక స్థావరాన్నైనా కావాలనే కొడతారండీ. కాబట్టి ఉద్దేశం ఒక్కటే చూపిస్తే కేసు నిలవదు. అసలు ప్రశ్న, దాడి జరిగిన ఆ సమయానికి ఆ భవనం సైనిక లక్ష్యమా కాదా అన్నది. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ 52వ అధికరణం రెండు షరతులు పెట్టింది. దాని స్వభావం, స్థానం, ఉద్దేశం, వాడకం వీటిలో ఏదో ఒకటి శత్రువు సైనిక చర్యకు నిజంగా తోడ్పడుతుండాలి. దాన్ని నాశనం చేస్తే ఆ పరిస్థితిలో స్పష్టమైన సైనిక ప్రయోజనం ఉండాలి. రెండూ ఉంటేనే లక్ష్యం. బడి, ఇల్లు, గుడి లాంటి చోట అనుమానం మిగిలితే పౌర భవనమనే అనుకోవాలి.

మోస్తర్‌లో తేడా ఇక్కడే వచ్చింది. ఆ వంతెన మీదుగా సైనికులు, సరఫరాలు దాటుతున్నాయి కనుక అది సైనిక లక్ష్యమేనని ట్రయల్ ఛాంబర్ కూడా ఒప్పుకుంది. కాకపోతే పౌరులకు జరిగిన నష్టం మితిమీరిందని నేరం కింద పెట్టింది. లక్ష్యమని తేలాక దాన్ని 'సైనిక అవసరం లేని విధ్వంసం' అనలేమని అప్పీల్స్ ఛాంబర్ మెజారిటీ అంది. టింబక్టులో పోరే లేదు. ఊరు కూల్చినవాళ్ల చేతిలోనే ఉండగా, మతపరమైన కారణం చెప్పి, పలుగూ పారలతో కూల్చారు.

ప్రభుత్వ భవనం అన్నంత మాత్రాన లక్ష్యం అయిపోదు. రక్షణ శాఖ కార్యాలయం వేరు, భూమి రికార్డుల ఆఫీసు వేరు. 1907 హేగ్ నియమాల్లో 56వది మునిసిపాలిటీల ఆస్తినీ, బడులు, ధర్మసంస్థల ఆస్తినీ ప్రైవేటు ఆస్తితో సమానంగా చూడమంటుంది. ఆక్రమిత ప్రాంతంలోనైతే నాలుగో జెనీవా ఒప్పందం 53వ అధికరణం ప్రైవేటు, ప్రభుత్వ ఆస్తులు రెంటినీ కాపాడుతుంది. సైనిక చర్యలకు తప్పనిసరి అయితేనే మినహాయింపు.

అందుకే కూల్చింది పోరు మధ్యలోనా, ప్రాంతం చేతికి వచ్చాకనా అన్నది మొదట తేల్చండి. వార్సాలో 1944 అక్టోబరు 2న తిరుగుబాటుదారులు లొంగిపోయారు. ఆ తర్వాత జర్మన్ దళాలు వీధి వీధినీ తగలబెట్టి, పేల్చి నేలమట్టం చేశాయి. అంతకుముందు పోయినదానితో కలిపి 1945 జనవరి నాటికి నగరంలో దాదాపు 85 శాతం ధ్వంసమైంది. లొంగుబాటు తర్వాత కూల్చినవాటి విషయంలో 'ఎదురుకాల్పుల్లో పోయింది' అన్న మాటకు చోటే లేదు.

చాలామంది బోల్తాపడే చోటు ఇంకొకటుంది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు ఆధారమైన రోమ్ శాసనం దేశాల మధ్య యుద్ధంలో మామూలు పౌర భవనంపై దాడిని 8(2)(బి)(ii) కింద నేరమంటుంది. అంతర్యుద్ధానికి అలాంటి క్లాజు లేదు. బడి, గుడి, ఆసుపత్రి, చారిత్రక కట్టడం అయితే 8(2)(ఇ)(iv) వర్తిస్తుంది. మామూలు ఇల్లు, పంచాయతీ ఆఫీసు అందులోకి రావు. వాటికి ప్రత్యర్థి ఆస్తి ధ్వంసం గురించిన 8(2)(ఇ)(xii) చూసుకోవాలి. క్లాజు తప్పు పట్టుకుంటే ఎంత రుజువున్నా వృథా.

పిక్సెల్

చేతికి వచ్చాక కూల్చారా అన్నది తేలాలంటే తేదీ కావాలి. ఆ రోజు ఆ వీధి ఎవరి చేతిలో ఉందన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. చెక్కుచెదరకుండా కనిపించిన ఆఖరి చిత్రం, దెబ్బతిన్నట్టు కనిపించిన మొదటి చిత్రం పట్టుకుని, ఆ రెండిటి మధ్య ఎడం తగ్గించుకుంటూ పోవాలి.

యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, కానీ ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు. చిన్న ఇల్లు ఒకటి రెండు చుక్కల్లో పడిపోతుంది. పేట తగలబడిందని చెప్పగలం, గోడ సంగతి చెప్పలేం. మబ్బు పడితే సెంటినెల్-1 రాడార్ ఆదుకుంటుంది. విఐఐఆర్‌ఎస్ (ఉపగ్రహం మీద వేడిని పసిగట్టే పరికరం) అగ్ని గుర్తింపులు ఉపగ్రహం దాటిన గంటను చెబుతాయి, అయితే దాని చుక్క 375 మీటర్లు. దాన్ని పట్టుకుని 'ఈ భవనమే కాలింది' అని రాస్తే అవతలి లాయరు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు.

30 సెంటీమీటర్ల వాణిజ్య చిత్రాల్లో కప్పుకు పడ్డ కన్నం కనిపిస్తుంది. పక్కగోడలోంచి దూసుకుపోయిన ట్యాంకు గుండు కనిపించదు. అందుకే పైనుంచి చేసిన లెక్కలో నష్టం తరచూ తగ్గి కనబడుతుంది. ఏటవాలు కోణంలో తీసినవి అడగండి, నీడల పొడవు కూడా చూడండి. వారాల తరబడి వరుస వెంట వరుసగా ఇళ్లు పోతూ, బాంబు గుంటలు లేకుండా, బుల్‌డోజర్ చక్రాల జాడలు, సర్దిన శిథిలాల కుప్పలు కనిపిస్తే, అక్కడ నేల ఎవరికో పూర్తిగా పట్టు చిక్కిందన్నమాట.

ధ్వంసానికి ముందటి చిత్రం విలువ తెలియాలంటే ఉక్రెయిన్‌లోని మరియుపోల్ నాటకశాల చూడండి. 2022 మార్చి 14 నాటి ఉపగ్రహ చిత్రంలో భవనానికి ముందూ వెనకా నేలమీద రష్యన్‌లో 'పిల్లలు' అని పెద్ద అక్షరాలున్నాయి. దాడి 16న జరిగింది. లోపల ఎవరున్నారో తెలియదన్న వాదనను ఆ ఒక్క చిత్రం మూసేస్తుంది. ఆ ఏడాది డిసెంబరులో ఆక్రమణ అధికారులు శిథిలంలో ఎక్కువ భాగాన్ని తెరల చాటున పడగొట్టించారు. ఆపైన నేలమీద కొలవడానికి మిగిలింది చాలా తక్కువ.

ఇటుకరాయి

నేలమీద పనికి మొదటి షరతు: పేలని మందుగుండు తీసే బృందం సరేననేదాకా లోపల అడుగు పెట్టకూడదు. శకలం కనబడినా ముట్టకండి, ఉన్నచోటే ఫోటో తీయండి.

శిథిలాలు కదిలించకముందే నాలుగు వైపులా, నాలుగు మూలల నుంచీ దూరపు ఫోటోలు, తర్వాత గది గది, ఆపైన స్కేలు పెట్టి దగ్గరివి. ఏ దిక్కుకు తిరిగి తీశారో రాయాలి. గుంట ఉంటే వ్యాసం, లోతు, అంచు ఎటువైపు ఎక్కువ చెదిరిందో కొలవాలి. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతుంది, ఇరుకు సందులో అది పక్కింటిని చూపిస్తుంది. అందుకని రెండు స్థిరమైన గుర్తుల నుంచి టేపుతో దూరం కూడా నమోదు చేయండి.

గోడలు నిలబడి, కప్పు కూలి, ప్రతి కిటికీ పైనా మసి ఉండి, బయటి గోడకు శకలాల దెబ్బలు లేకపోతే లోపలి నుంచి అంటించారని అనుమానించవచ్చు. తొందరపడొద్దు. షెల్లు కూడా నిప్పు పెడతాయి. 1992 ఆగస్టులో బోస్నియా రాజధాని సారాయెవోలో జాతీయ గ్రంథాలయం షెల్లింగ్‌తోనే తగలబడింది. కప్పులో, పై అంతస్తు గోడల్లో కన్నాలు లేవని చూసుకున్నాకే ఆ మాట రాయాలి. కొసావోలో ఆండ్రాస్ రీడల్‌మేయర్, ఆండ్రూ హెర్షర్ 1999లో చేసిన సర్వే ఇలాంటి గుర్తుల మీదే నడిచింది. మసీదులు నాటో బాంబులకు పోయాయన్న వాదనకు మిలోషెవిచ్ విచారణలో జవాబు చెప్పింది ఆ పరిశీలనే.

ఒక్కో భవనానికి ఒక్కో ఫైలు పెట్టండి. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ పాత పట్టణంపై 1991 డిసెంబరు 6 షెల్లింగ్ గురించి యుగోస్లావ్ సైన్యాధికారి స్ట్రుగర్‌పై నడిచిన కేసులో 116 కట్టడాల పేర్లు పెడితే 52 మాత్రమే రుజువయ్యాయి. అక్టోబరు, నవంబరుల్లోనూ అక్కడ షెల్లు పడ్డాయి, మరి ఏ గోడకు ఏ రోజు దెబ్బ తగిలింది? 'పేట మొత్తం పోయింది' అన్న వాక్యం దానికి జవాబు కాదు.

ఫోటో అసలు ఫైలునే దాచాలి. మెసేజింగ్ యాప్‌లో పంపితే సమయం, స్థలం వివరాలు ఊడిపోతాయి. తీసిన వెంటనే ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి, ఎవరి చేతి నుంచి ఎవరికి వెళ్లిందో రాసుకుని, పని అంతా నకలు మీద చేయండి. కెమెరా గడియారం ఏ టైమ్ జోన్‌లో ఉందో చూసుకోకపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

తీరం

అందరికీ కృతజ్ఞతలు. ఒకటి మిగిలింది. బడిలో సైనికులు ఓ రాత్రి పడుకుని వెళ్లిపోయారనుకోండి. వారం తర్వాత దాన్ని కొడితే?

న్యాయరేఖ

వాడకం ఆగి, మళ్లీ వాడే ఉద్దేశమూ లేకపోతే అది మళ్లీ పౌర భవనమే. గతంలో వాడారన్నది సాకు కాదు. వాళ్లు లోపల ఉన్న రాత్రే కొట్టినా, పక్కన పౌరులకు జరిగే నష్టం మితిమీరకూడదన్న నియమం, ముందు జాగ్రత్తల నియమం అలాగే ఉంటాయి.

సాక్షులను 'సైనికులున్నారా?' అని మాత్రం అడిగి వదిలేయకండి. ఏ గదిలో, ఎందరు, ఆయుధాలు దించారా, కిటికీల్లోంచి కాల్చారా, ఏ రోజు ఏ వేళకు వెళ్లిపోయారు, తర్వాత తాళం ఎవరి దగ్గరుంది, తరగతులు మళ్లీ ఎప్పుడు మొదలయ్యాయి, ఇవన్నీ విడివిడిగా అడగాలి. హాజరు పట్టీ దొరికితే దాని ఫోటో మొదటి పేజీలోనే పెట్టండి.