ఒకే ఇంట్లో రెండు జెర్సీలు, ఎలా కుదిరింది?

మిడ్‌ఫీల్డ్ మావయ్య: ఫుట్‌బాలర్లు ఇనాకీ, నికో విలియమ్స్ ఒక తల్లి పిల్లలే, ఇద్దరూ పుట్టింది స్పెయిన్‌లోనే. మరి 2022 వరల్డ్ కప్‌లో అన్న ఇనాకీ ఘానాకి, తమ్ముడు నికో స్పెయిన్‌కి ఆడారు. ఇనాకీ 2016లో స్పెయిన్‌కి ఆడాడు కదా, మళ్లీ ఎలా మారనిచ్చారు?

ఆఫ్‌సైడ్ అబ్బాయి: అది ఫ్రెండ్లీ అండీ, అంటే టోర్నీకి సంబంధం లేని మ్యాచ్, ఫ్రెండ్లీ ఆడితే ఆ దేశానికే కట్టుబడాలని లేదు. మొరాకో మూలాలున్న మునీర్ ఎల్ హద్దాదీకి పాపం, 2014లో యూరో కప్ అర్హత మ్యాచ్‌లో కాసేపు స్పెయిన్‌కి ఆడినందుకు మొరాకో తలుపులు మూసుకుపోయాయి, 2020లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా రూల్ సడలించాకే తెరుచుకున్నాయి.

లెఫ్ట్ వింగ్: రూల్ సరే. స్పెయిన్ పిలవడం మానేశాకే ఘానా గుర్తొచ్చిందేమో అని నా డౌట్.

మిడ్‌ఫీల్డ్ మావయ్య: వాళ్ల అమ్మానాన్నలు ఘానా నుంచి సహారా ఎడారి నడిచి దాటి వచ్చినవాళ్లు బాబూ, ఆ ఇంట్లో ఘానా కొత్తగా గుర్తు రావాలా?

త్రో ఇన్: మన ప్రవాసుల పిల్లలకైతే ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే) కార్డ్ చాలదు, ఇండియాకి ఆడాలంటే విదేశీ పాస్‌పోర్ట్ వదులుకోవాల్సిందే. అన్నట్టు, 2006 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్‌కి ఆడిన వికాష్ దొరసూ వాళ్లది తెలుగు మూలాలున్న మారిషస్ కుటుంబం, తెలుసా?